ఇల్లు తగిలించుకుని హైవే ఎక్కితే

ఈమధ్య డాలస్ చుట్టుపక్కల ఏ గృహప్రవేశానికి వెళ్ళినా, భోజనాలయ్యాక మగాళ్ళు చేరిన మూల ఒకటే చర్చ. "ట్రావెల్ ట్రెయిలర్ ఒకటి కొందామనుకుంటున్నామండీ, మా ట్రక్కు లాగుతుందంటారా?" వెంటనే పక్కాయన ఫోన్ తీసి, ఆ ట్రక్కు మోడల్ వెతికి, "పదకొండు వేల పౌండ్లు లాగుతుందిట, నిక్షేపంగా కొనండి" అని తీర్పు చెప్పేస్తాడు. ఆ తర్వాత మాటలు వీసాల మీదికి మళ్ళిపోతాయి.

లాగడానికేం, లాగుతుంది. లాగలేక నడిరోడ్డు మీద చతికిలబడిన ట్రక్కును ఇంతవరకూ నేను చూడలేదు. గట్టు పక్కన బోర్లాపడ్డ ట్రెయిలర్లు మాత్రం చాలానే చూశాను. అవన్నీ బలమైన ట్రక్కుల వెనక ఉన్నవే. అందుకే ఆ మూల నన్నెవరైనా అడిగితే, మీ ట్రక్కు ఎంత లాగుతుందన్నది తర్వాత చూద్దాం, ముందు మీ సామాన్లు ఎక్కడ సర్దుతారో చెప్పండి అంటాను. ఏదో వేళాకోళం అనుకుంటారు.

ఊళ్ళో ఉండి ఇది చదువుతున్నవాళ్ళ కోసం ఒక ముక్క. ట్రావెల్ ట్రెయిలరంటే చక్రాల మీద ఇల్లు. మంచాలు, పొయ్యి, ఫ్రిజ్జు, స్నానాలగది అన్నీ ఉంటాయి, ఇంజనే ఉండదు. మన ట్రక్కు వెనక గుండులాంటి బాలు ఒకటి ఉంటుంది. దాని మీద ట్రెయిలర్ మూతి కూర్చోబెట్టి తాళం వేసి లాక్కెళ్ళాలి. కోవిడ్ రోజుల్లో విమానాలూ హోటళ్ళూ అంటే జనం జడిసి వీటి మీద పడ్డారు. 2021 ఒక్క ఏడాదిలోనే ఇక్కడి ఫ్యాక్టరీల నుంచి అన్ని రకాల ఆర్‌వీలూ, అంటే ఇలాంటి చక్రాల ఇళ్ళు, కలిపి 6 లక్షలకు పైగా బయటికొచ్చాయి. అందులో సింహభాగం ఇలా లాక్కెళ్ళేవే. అప్పుడు కొన్నవాళ్ళలో చాలామందికి మోజు తీరింది. ఇప్పుడవి సెకండ్ హ్యాండ్‌లో మనవాళ్ళ దాకా వస్తున్నాయి.

ఆ పదకొండు వేల లెక్క అబద్ధమేమీ కాదు. దానికో పరీక్ష ఉంది. ఆరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర మొదలై యూనియన్ పాస్ దాకా పదకొండు మైళ్ళ పైచిలుకు ఎక్కుడు రోడ్డుంది. కంపెనీలు పాటించే కొలమానం ప్రకారం, 100 డిగ్రీల ఫారన్‌హీట్ ఎండలో ఏసీ పూర్తిగా పెట్టుకుని, ఆ బరువుతో ఆ కొండ ఎక్కాలి. మామూలు పికప్పయితే వేగం 40 మైళ్ళకు తగ్గకూడదు. మంచి పరీక్షే. కాకపోతే ఆ లెక్కలో ట్రక్కులో కూర్చునేది ఇద్దరు. ఒక్కొక్కరు 150 పౌండ్లు, అంటే 68 కిలోలు. వెనక సీట్లో పిల్లల్లేరు, ఇండియా నుంచి వచ్చిన అత్తగారు లేరు, మంచుగడ్డలు నింపిన కూలరు లేదు. అలాంటి కుటుంబం మనవాళ్ళలో ఎక్కడుందో నాకైతే తెలియదు.

మీ లెక్క తేల్చేది వేరే కాగితం. డ్రైవరు తలుపు తెరిస్తే పక్కన స్తంభం మీద పసుపూ తెలుపూ స్టిక్కరొకటి ఉంటుంది. మనుషులూ సామాన్లూ కలిపి ఇన్ని పౌండ్లు మించరాదని రాసి ఉంటుంది. పేలోడ్ అంటారు. ఒకే మోడల్ ట్రక్కులైనా ఒకదానికీ ఇంకోదానికీ ఈ అంకె తేడాగా ఉంటుంది. సన్‌రూఫు, తోలు సీట్లు, పెద్ద చక్రాలు అంటూ షోకులు పెరిగేకొద్దీ అంకె తగ్గుతుంది.

మా బావగారి ట్రక్కు స్టిక్కరు మీద 1,500 ఉంది. ట్రెయిలర్ నిండా సర్దితే 7,000 పౌండ్ల దాకా ఉండొచ్చు. అంత బరువున్న ట్రెయిలర్ మూతి బాలు మీద మోపే భారం, నూటికి 13 చొప్పున వేసుకుంటే 910. ఆ భారమంతా ట్రక్కు పేలోడ్‌లోంచే పోతుంది. మధ్యలో తగిలించే హిచ్చు సామగ్రి ఇంకో 90. మిగిలింది 500. బావగారు, అక్క, ఇద్దరు మగపిల్లలు కూర్చునేసరికి ఆ 500 కాస్తా అయిపోయింది. (ఎవరి బరువెంతో విడివిడిగా రాస్తే మా అక్క నన్ను మళ్ళీ గుమ్మం తొక్కనివ్వదు.) ఇంకా కూలరెక్కలేదు, కుర్చీలెక్కలేదు. అమ్మిన డీలరేమో పదకొండు వేలు లాగే బండికి ఏడు వేలొక లెక్కా అన్నాడట. ఆయన చూసిన లెక్క ఆయనది.

"మరి స్ప్రింగ్ బార్ల హిచ్చు పెట్టించాం కదుటోయ్, అది బరువు చూసుకుంటుందన్నాడే" అన్నారు బావగారు.

"అది బరువును సర్దుతుంది బావగారూ, మాయం చెయ్యదు" అన్నాను. నిజానికి ఆ బార్లు మంచివే. ట్రక్కు వెనక కుంగిపోయి ముందు చక్రాలు తేలిపోకుండా, కొంత భారాన్ని ముందు ఇరుసు మీదికీ, కొంత ట్రెయిలర్ చక్రాల మీదికీ తోస్తాయి. ముందు చక్రాలు నేలను గట్టిగా పట్టుకుంటేనే కదా స్టీరింగు మాట వినేది! అంతమాత్రాన స్టిక్కరు మీది అంకె మారదు.

ఇక సర్దడం సంగతి. పల్లెటూళ్ళో పుట్టినవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. రెండెడ్ల బండికి ధాన్యం బస్తాలు వేసేటప్పుడు చూశారా? ఇరుసుకు వెనక బరువెక్కువైతే నొగ పైకి లేస్తుంది, కాడి ఎద్దుల మెడల మీంచి లేచి కిందున్న పలుపులు గొంతులకు బిగుసుకుంటాయి. ముందు మరీ ఎక్కువైతే ఎద్దుల మెడలు విరుగుతాయి. బండి కట్టేవాడు కాడి పట్టుకుని ఒకసారి ఎత్తి చూసి, "ఇంకో బస్తా ముందుకు జరపండి" అనేవాడు. అమెరికాలో ఇంజనీర్లు కొలిచి చెప్పిందీ అదే. ట్రెయిలర్ మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 వంతులు మూతి మీద ఉండాలి. తగ్గకూడదు, మించకూడదు. అయితే ఎద్దుబండి నడిచేది మనిషి నడకతో. వెనక బరువెక్కువైతే ఎద్దు ఇబ్బంది పడుతుంది, అంతే. హైవే మీద అదే తప్పుకు ట్రెయిలర్ తోకాడిస్తుంది.

ఎందుకాడిస్తుందో చూపించే ప్రయోగమొకటి ఇంటర్నెట్‌లో వీడియోగా తిరుగుతూ ఉంటుంది, చూసే ఉంటారు. తిరుగుతున్న బెల్టు మీద బొమ్మ కారు, దాని వెనక బొమ్మ ట్రెయిలర్. ట్రెయిలర్ ముందు భాగంలో బరువు పెట్టి వేలితో పక్కకు తోస్తే, అటూ ఇటూ ఊగి రెండు క్షణాల్లో సర్దుకుంటుంది. అదే బరువును వెనక్కి జరిపి తోస్తే, మొదటి ఊపుకన్నా రెండోది పెద్దది, దానికన్నా మూడోది పెద్దది. ఆఖరికి కారును కూడా పట్టుకుని తిప్పేస్తుంది. బరువు ఒక్క ఔన్సు పెరగలేదు, తగ్గలేదు. ఉన్న చోటే మారింది.

మా అక్కావాళ్ళ ట్రెయిలర్‌లో వంటగది వెనక గోడకు ఉంటుంది. పెద్ద కిటికీ, దాని ముందు గట్టు, చుట్టూ అరలు. అది చూసే కొన్నారు. ఇప్పుడు ఆ అరల్లో ఏముంటాయో మీరే ఊహించండి. ఇరవై పౌండ్ల సోనామసూరి బస్తాలు రెండు. రాళ్ళ గ్రైండరు. కుక్కర్లు. కందిపప్పు, మినప్పప్పు, నూనె డబ్బాలు. ఆవకాయ జాడీ, అది అడుగున, దాని చుట్టూ తువ్వాళ్ళు చుట్టి. నీళ్ళ సీసాల కేసులు. అదీ చాలదని వెనక బంపరుకు సైకిళ్ళు. అమెరికన్ కుటుంబం వెనక వంటగదిలో కాగితం పళ్ళేలూ చిప్సు పొట్లాలూ పెట్టుకుంటుంది. మనం పెట్టేది చిన్న కిరాణా కొట్టు.

దీనిమీద అచ్చంగా ఒక సినిమా ఉంది. 'ది లాంగ్, లాంగ్ ట్రెయిలర్' అని, 1954లో విన్సెంట్ మినెల్లి తీశాడు. లూసిల్ బాల్, దేసి ఆర్నాజ్ అందులో కొత్త దంపతులు. వెళ్ళిన ప్రతిచోటా ఆవిడ గుర్తుగా ఒక రాయి ఏరుకుని ట్రెయిలర్‌లో పెడుతుంది. కొండ ఎక్కబోయే ముందు అవన్నీ పారెయ్యమంటాడు మొగుడు. ఆవిడకు మనసొప్పక లోపలే దాస్తుంది. ఆ తర్వాత ఘాట్ రోడ్డు మీద ఏమవుతుందో చూసి తీరాలి. అక్కకు ఆ సినిమా చూపించాను. విరగబడి నవ్వి, "అయితే గ్రైండరు తియ్యాలంటావు, అంతేగా?" అంది. తియ్యక్కర్లేదక్కా, ముందుకు జరిపితే చాలు అన్నాను.

ఎంత జరపాలో కంటితో చెప్పలేం. దానికి తూకం ఉంది. హైవే పక్కన లారీలు ఆగే ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అని పసుపు బోర్డు కనిపిస్తుంది. లారీల కోసం పెట్టిందే అయినా ఎవరైనా తూచుకోవచ్చు, సినిమా టికెట్టంత ఖర్చు. నేల మీద వరసగా ఇనుప పలకలుంటాయి. ట్రక్కు ముందు చక్రాలు మొదటి పలక మీద, వెనక చక్రాలు రెండోదాని మీద, ట్రెయిలర్ చక్రాలు మూడోదాని మీద వచ్చేలా ఆపి, పక్కనున్న స్పీకరు బొత్తాం నొక్కాలి. బావగారితో నేను వెళ్ళినప్పుడు లోపల్నించి ఓ అమ్మాయి, "ట్రక్కు నంబరు?" అని అడిగింది. లారీల కంపెనీలకు బండికో నంబరుంటుంది కదా, అది. మా బావగారు క్షణం ఆలోచించి, "వన్" అన్నారు గంభీరంగా.

ఆ తూకం అయ్యాక ట్రెయిలర్‌ను పార్కింగులో విప్పి, ట్రక్కును ఒంటరిగా మళ్ళీ తూచాలి. రెండోసారికి డబ్బులు చాలా తక్కువ. మొదటి తూకంలో స్ప్రింగ్ బార్లు వదులు చేసి ఉంచితే, ట్రక్కు కింది రెండు పలకల్లో వచ్చిన తేడాయే మూతి భారం. ట్రెయిలర్ మొత్తం 6,600. మూతి మీద 480. నూటికి ఏడు పైచిలుకు. బావగారు కాగితాన్ని వెలుతురులో పెట్టి రెండుసార్లు చూశారు.

అక్కడే, లారీల మధ్య, సర్దుళ్ళ కార్యక్రమం పెట్టుకున్నాం. గ్రైండరు, బియ్యం, నీళ్ళ కేసులు ముందు మంచం కింద ఉన్న అరలోకి వచ్చాయి. సైకిళ్ళు మా ఇంటి గ్యారేజీలో దిగబెట్టి వెళ్ళేట్టు ఒప్పందం కుదిరింది. స్నానాలకని నింపిన నీళ్ళ ట్యాంకులో సగం వదిలేశాం. నీళ్ళను ఎవరూ లెక్కలో వెయ్యరు గానీ, గాలను నీళ్ళు 8 పౌండ్ల పైమాటే. 40 గాలన్ల ట్యాంకంటే 330 పౌండ్లు, 150 కిలోలు. ఆ ట్యాంకు కొన్ని ట్రెయిలర్లలో ఇరుసుకు ముందుంటుంది, కొన్నింట్లో వెనక. వీళ్ళది వెనక. మళ్ళీ తూచినప్పుడు 6,400కి 780 వచ్చింది. నూటికి పన్నెండు. మొదట వేసుకున్న 910 కన్నా తక్కువే కాబట్టి పేలోడ్ లెక్క కూడా ఊపిరి పీల్చుకుంది.

ఇంత చేసినా ఊపు రాదని హామీ లేదు. వస్తే ఏం చెయ్యాలో ఒంటికి పట్టి ఉండాలి, ఎందుకంటే ఆలోచించుకునే వ్యవధి ఉండదు. డౌన్‌లో 70 మీద వెళ్తున్నారు. ఎడమ పక్కనించి పద్దెనిమిది చక్రాల లారీ దాటుతోంది. దాని ముందు నెట్టుకొచ్చే గాలి మొదట మీ ట్రెయిలర్‌ను కుడికి తోస్తుంది, లారీ పక్కకొచ్చేసరికి తనవైపు లాక్కుంటుంది. అద్దంలో చూస్తే ట్రెయిలర్ వెనక మూల తెల్లగీత వైపు జరిగి, మళ్ళీ వెనక్కి వచ్చి, ఈసారి అవతలి వైపు ఇంకాస్త ఎక్కువ జరుగుతుంది. సీటు కింద నించి ఎవరో ట్రక్కును నడుం పట్టుకుని ఊపుతున్నట్టు తెలుస్తుంది. అప్పుడు మనిషికి సహజంగా రెండు పనులు చెయ్యాలనిపిస్తుంది. బ్రేకు మీద కాలేసి తొక్కడం, ఊపుకు ఎదురుగా స్టీరింగు తిప్పడం. రెండూ చెయ్యకూడనివే. ట్రక్కు ఆగబోతే వెనకున్న ఏడు వేల పౌండ్లు ఆగవు, మడత పెట్టేస్తాయి. స్టీరింగు తిప్పేది మనమే అయినా, మన చెయ్యి తిరిగేసరికి ఊపు అవతలి వైపు వెళ్ళిపోయి ఉంటుంది. అంటే దానికి మనమే తోడు ఊపుతున్నామన్నమాట.

చెయ్యాల్సింది ఇది: గ్యాస్ మీంచి కాలు తియ్యాలి. స్టీరింగు తిన్నగా పట్టుకుని ఉండాలి. కుడిచేత్తో డ్యాష్‌బోర్డు మీదున్న బ్రేక్ కంట్రోలరు మీట నొక్కాలి. ఆ మీట ట్రెయిలర్ బ్రేకుల్ని మాత్రమే వేస్తుంది. వెనకనించి ఎవరో తోక పట్టి లాగినట్టు బండ్లు రెండూ తిన్నగా అవుతాయి. ఆ మీట ఎక్కడుందో అక్కడికి చీకట్లో కూడా చెయ్యి వెళ్ళాలి. ఆదివారం పొద్దున్న ఖాళీ పార్కింగులో 20 మైళ్ళ వేగంతో వెళ్తూ నొక్కి చూసుకోండి. ట్రెయిలర్ వెనక్కి పట్టి లాగినట్టుండాలి. చక్రాలు బిగుసుకుని జారితే పట్టు ఎక్కువైనట్టు, ఏమీ తెలియకపోతే తక్కువైనట్టు. కంట్రోలరు మీది అంకె కాస్త తగ్గించో పెంచో సరిచూసుకోవాలి. బావగారు దీన్ని పిల్లల చేత కూడా అడిగించుకునేవారు. "నాన్నా, ఊగితే?" "కాలు తీసి, మీట నొక్కి." "స్టీరింగ్?" "కదపను." ఎక్కాల్లా అప్పజెప్పేవారు.

వీటన్నిటికన్నా మంచి మందు, అసలు 70 మీద వెళ్ళకపోవడం. ప్రతి ట్రెయిలర్‌కూ ఒక వేగం ఉంటుంది. అది దాటితే ఊపు తనంతట తాను సర్దుకోదు. ఆ వేగం ఎంతో ఏ స్టిక్కరు మీదా ఉండదు. మనం ఎలా సర్దామన్నదాన్ని బట్టి అది మారుతూ ఉంటుంది కూడా. టెక్సస్‌లో బోర్డు మీద 75 అని ఉంటుంది. అది కారుకు. ట్రెయిలర్ టైర్లు చాలావాటికి సంప్రదాయంగా గరిష్ఠ వేగం 65 మైళ్ళే. కొత్తగా వస్తున్న వాటిలో అంతకన్నా ఎక్కువవి ఉన్నాయి, టైరు పక్కనే రాసి ఉంటుంది, చూసుకోండి. కాలిఫోర్నియాలో అయితే వెనక ఏదైనా తగిలించుకున్న బండి 55 దాటకూడదని చట్టమే ఉంది. బే ఏరియా మిత్రులు దీనిమీద సణుగుతారు గానీ, నాకు ఆ చట్టం నచ్చింది. కుడి వరసలో 60 మీద వెళ్తే పోయేదేముంది, గంట ఆలస్యం. ఇల్లు వెంటే ఉంది కదా!

టైర్ల మాట వచ్చింది కాబట్టి. ట్రెయిలర్ టైర్లు అరిగి పోవు, ముసలివై పోతాయి. ఏడాదిలో పది నెలలు డ్రైవ్‌వేలో ఎండకు ఎండుతూ కూర్చుంటాయి. పట్టీలు చూస్తే కొత్తగానే ఉంటాయి, లోపల రబ్బరు చచ్చిపోయి ఉంటుంది. పక్కన డీఓటీ అని మొదలయ్యే గీతలో ఆఖరి నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం పుట్టిందని. అయిదారేళ్ళు దాటితే మార్చెయ్యడమే. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు బేరమాడేముందు వంగి ఆ నాలుగంకెలు చదివితే బేరం తీరే మారిపోతుంది. గాలి పొద్దున్నే, చక్రాలు చల్లగా ఉన్నప్పుడు చూడాలి, ట్రెయిలర్ స్టిక్కరు మీద రాసినంత ఉండాలి. ట్రెయిలర్ టైరు పేలితే ముందున్న మనకు తెలియకపోవచ్చు. చీలిన రబ్బరు అలా కొట్టుకుంటూ కిందనున్న వైర్లనూ పైపులనూ ఊడబెరికేశాక, పక్కన కారువాడు చెయ్యి ఊపితే తెలుస్తుంది.

డాలస్ నించి కొలరాడో వెళ్ళే మనవాళ్ళందరిదీ ఒకటే దారి. 287 పట్టుకుని విచిటా ఫాల్స్, చైల్డ్రెస్, అమరిల్లో. అటు పోయేకొద్దీ చెట్లు తగ్గుతాయి, గాలి పెరుగుతుంది. ట్రెయిలర్ పక్కగోడ ఇరవై ఐదడుగుల తెరచాప. పక్కగాలి కొడుతుంటే పెట్రోలు బంకు దగ్గర జెండా చూడండి. గుడ్డ బల్లపరుపుగా బిగిసి నిలబడితే అక్కడే ఆగి టీ కాచుకోండి. సాయంత్రమయ్యేసరికి చాలాసార్లు తగ్గుతుంది. వ్యోమింగ్‌లో ఐ-80 మీద, ఎల్క్ మౌంటెన్ దగ్గరైతే ప్రభుత్వమే ఎత్తయిన తేలికబండ్లు రాకూడదని బోర్డు వెలిగించి రోడ్డు మూసేస్తుంది. అక్కడ ఖాళీ లారీలే పడిపోతాయి, మనమెంత?

అమరిల్లో దాటి న్యూమెక్సికోలోకి వెళ్ళాక రేటన్ పాస్ వస్తుంది. 7,834 అడుగులు. ఎక్కడం ఇంజను పని, దిగడం మన పని. కొండ తల మీదే వేగం తగ్గించుకుని, టో-హాల్ బొత్తాం నొక్కి, తక్కువ గేరులో పడనివ్వాలి. ఇంజను గట్టిగా అరుస్తుంది, అరవనివ్వండి. పక్కసీట్లో వాళ్ళు "ఏదో పాడైపోయినట్టుంది" అంటారు, అననివ్వండి. బ్రేకు మీద కాలు ఆనించి దిగితే ట్రినిడాడ్ చేరేసరికి కాలిన వాసన వస్తుంది. ఆ తర్వాత తొక్కినా ఆగదు. వేగం కాస్త పెరిగినప్పుడు గట్టిగా ఒక్కసారి తొక్కి, పది మైళ్ళు తగ్గించి, వదిలెయ్యాలి. బ్రేకు చల్లారడానికి అదే సమయం.

బండి తగిలించేటప్పుడు మాత్రం ఎవరితోనూ మాట్లాడకండి. ఇది నేను చెప్పే వాటిలో మర్యాద తక్కువ సలహా. మూతి బాలు మీద కూర్చోవాలి, తాళం పడాలి, దానికి పిన్ను పడాలి. జాకీ తిప్పి మూతిని అంగుళం పైకెత్తి చూస్తే ట్రక్కు వెనక కూడా దానితో పాటు లేవాలి, అప్పుడే తాళం పట్టినట్టు. గొలుసులు రెండూ కింద అడ్డంగా దాటి తగిలించాలి, ఒకవేళ మూతి ఊడినా ఆ ఉయ్యాల్లో పడేట్టు. ట్రెయిలర్ పూర్తిగా విడిపోతే దాని బ్రేకులు దానికవే పడే సన్నటి కేబులుంటుంది. దాన్ని గొలుసులకు కాక విడిగా ట్రక్కుకే తగిలించాలి. కరెంటు ప్లగ్గు. లైట్లు. జాకీ పైకి. మెట్లు లోపలికి. ఆఖరున చక్రాల కింద చెక్కలు తియ్యడం. సరిగ్గా గొలుసుల దగ్గరికొచ్చేసరికి పక్క సైటు పెద్దాయన కాఫీ కప్పు పట్టుకుని వచ్చి, "మీది ఇండియాలో ఏ ఊరు?" అని మొదలెడతాడు. మంచివాడే. కానీ ఆయన వెళ్ళాక మీరు ఎక్కడ ఆపారో గుర్తుండదు. అక్క ఇప్పుడు ఆ సమయంలో ఆయన్ని ఆపి పులిహోర పెడుతుంది. బావగారు మాత్రం మళ్ళీ మొదటినించీ మొదలెడతారు.

చిన్నచిన్నవి ఇంకొన్ని. పిల్లలు ట్రెయిలర్‌లో పడుకుని వస్తారంటే ఒప్పుకోకండి. టెక్సస్‌లో కదిలే ట్రెయిలర్‌లో మనుషులుండటం నేరం, అక్కడ సీటు బెల్టులూ ఉండవు. మామూలు ఫోన్ మ్యాపుల్ని వంతెనల విషయంలో నమ్మకండి. ఏసీతో కలిపి మన ట్రెయిలర్ 11 అడుగులు దాటుతుంది. నార్త్ కరోలినాలో ఉండేవాళ్ళకు డర్హమ్‌లో లారీల నెత్తి గీసే రైలు వంతెన తెలుసు. 11 అడుగుల 8 అంగుళాలు ఉండేది, 2019లో 8 అంగుళాలు లేపారు, ఇప్పటికీ తగులుతూనే ఉన్నాయి. ఎడిసన్ నించి బోస్టన్ వైపు వెళ్ళేవాళ్ళు మెరిట్ పార్క్‌వే ఎక్కొద్దు, ట్రెయిలర్లు నిషేధం. బాల్టిమోర్ సొరంగాల్లోకి మన వంటగ్యాస్ సిలిండర్లతో పోనివ్వరు, చుట్టూ తిరిగి వెళ్ళాలి. పెట్రోలుకు ఆగేముందు లోపలికెలా వెళ్తామో కాదు, బయటికెలా వస్తామో చూసుకోండి. బంకులో ఇరుక్కుని వెనక్కి నడపాల్సి వస్తే, అక్కడున్న ప్రతివాడూ సలహాదారే.

లారీ డ్రైవర్లది మాత్రం మంచి పద్ధతి. మనం లారీని దాటాక, వెనకున్న ట్రెయిలర్ తోక దాన్ని దాటిందో లేదో మనకు అద్దంలో సరిగ్గా తెలియదు. దాటగానే వాళ్ళు హెడ్‌లైట్లు ఒకసారి మినుక్కుమనిపిస్తారు, ఇక వరసలోకి వచ్చెయ్ అని. మనం పార్కింగ్ లైట్లు ఒకసారి ఆర్పి వెలిగిస్తే అది థాంక్సు. వాళ్ళు మనల్ని దాటినప్పుడు మనం వాళ్ళకి అదే చెయ్యాలి. ఈ సంగతి తెలిసినప్పటినుంచీ మా బావగారికి పండగే. అమరిల్లో నించి కొలరాడో స్ప్రింగ్స్ దాకా కనిపించిన ప్రతి లారీకీ లైట్లు వేస్తూ వెళ్ళారట. అరవై మీద వెళ్ళే ఈయన దాటేది ఎవర్నని అక్క అడిగితే, "ఎదర నించి వచ్చేవాళ్ళు లేరుటే?" అన్నారట.